స్కూలు ఆర్కెస్ట్రా పై గ్రూపులో సీటు వస్తే: ఏడాది పొడవునా ఏం చేయాలి

టెక్సస్‌లో హైస్కూలు పిల్లలున్న మన ఇళ్లలో జనవరి, ఫిబ్రవరి నెలలు వచ్చాయంటే ఒక పంచాయితీ తప్పదు. వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకోవాలి. ఎన్ని ఏపీలు (కాలేజీ స్థాయి కోర్సులు), ఏ మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్‌ని ఎక్కడ ఇరికించాలి అని లెక్కలు వేస్తుంటే పిల్లలు మెల్లగా చెబుతారు, ఆర్కెస్ట్రా టాప్ గ్రూపుకి ఆడిషన్ ఇవ్వాలనుందని. "సరే, ఇవ్వు" అనేస్తాం. ఆ "సరే"లో ఏమేం ఉన్నాయో ఆగస్టు దాకా తెలీదు. మాకూ తెలీలేదు.

మా అమ్మాయి డల్లాస్ దగ్గర ఒక పబ్లిక్ హైస్కూల్లో నాలుగేళ్లు వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం) వాయించింది, అందులో మూడేళ్లు పై గ్రూపులో. మీ స్కూల్లో ఆ గ్రూపుని చాంబర్ ఆర్కెస్ట్రా అంటారేమో, సింఫనీ అంటారేమో, ఫిల్‌హార్మోనిక్ అంటారేమో. పేరు ఏదైనా పిల్లల నుంచి, మన నుంచి ఆశించేది ఇంచుమించు ఒకటే. అదేంటో, ఎప్పుడు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. మన పిల్లలు చేసే చాలా పనుల్లో సరిగ్గా చేయకపోతే నష్టం వాళ్లకే. మ్యాథ్స్ టెస్టుకి చదవకపోతే మార్కులు పోయేది వాళ్లవే. ఆర్కెస్ట్రాలో ఒకరు చదువుకుని రాకపోతే నలభై, యాభై మంది ఆగి ఎదురుచూస్తారు. కింద రాసిన నియమాలన్నీ ఈ ఒక్క కారణం నుంచి పుట్టినవే.

సంతకం పెట్టే ముందు

కోర్సు ఫారం పంపేముందు మూడు సంగతులు తేల్చుకోండి.

మొదటిది జీపీఏ. మన వాళ్లు పైకి అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇది, నిస్సంకోచంగా అడగండి. టెక్సస్‌లో 1997లో వచ్చిన, క్లాసులో పై పది శాతం పిల్లలకి చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం చేసే, టాప్ 10 శాతం చట్టం వల్ల ర్యాంకు మీద అందరికీ టెన్షనే. ఆర్కెస్ట్రాని మామూలు కోర్సుగా లెక్కిస్తే, ఆ పీరియడ్‌లో ఏపీ తీసుకున్న పిల్లలతో పోలిస్తే వెయిటెడ్ జీపీఏ (కష్టమైన కోర్సులకి ఎక్కువ పాయింట్లు ఇచ్చి వేసే సగటు) కాస్త తగ్గుతుంది. కొన్ని డిస్ట్రిక్టులు పై గ్రూపుకి ఆనర్స్ వెయిట్ ఇస్తాయి. కొన్ని చోట్ల ఫైన్ ఆర్ట్స్‌ని ర్యాంకు లెక్కలోంచే తీసేస్తారు. మీ డిస్ట్రిక్టులో ఎలా ఉందో కౌన్సిలర్ చెబుతారు. హైస్కూలు పూర్తవడానికి ఒక ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ ఎలాగూ ఉండాలి కాబట్టి మొదటి ఏడాది ఆర్కెస్ట్రా ఆ ఖాతాలోకి పోతుంది. ఆ తర్వాతి ఏళ్లలో అది ఎలక్టివ్. ర్యాంకు రెండు స్థానాలు జారినా ఫర్వాలేదు అనుకుంటేనే ముందుకెళ్లండి. ఫిబ్రవరిలో సరే అని, అక్టోబరులో రోజూ పిల్లల ముందు సణగడం కంటే ఇప్పుడే వద్దనడం మేలు.

రెండోది టైము. క్లాసు స్కూలు వేళల్లోనే జరుగుతుంది. దానికి తోడు స్కూలుకి ముందో తర్వాతో సెక్షనల్స్ ఉంటాయి. అంటే వయొలిన్లు వేరుగా, చెల్లోలు వేరుగా కూచుని తమ భాగం సాధన చేయడం. బ్యాండ్ పిల్లలు వచ్చి కలిసే ఫుల్ ఆర్కెస్ట్రా రిహార్సల్స్ కొన్ని ఉంటాయి. స్కూలు వారంలో క్లాసు బయట ఒక యాక్టివిటీకి ఎనిమిది గంటలు మించి రిహార్సల్ పెట్టకూడదని రాష్ట్ర నియమం ఉంది. మామూలు వారాల్లో అంత ఉండదు. కచేరీ వారంలో మాత్రం సాయంత్రాలు మీవి కావు అనుకోండి.

ఒక తెల్లకాగితం మీద సోమవారం నుంచి ఆదివారం దాకా గీతలు గీసి, భరతనాట్యం, మనబడి, రోబోటిక్స్, ఎస్ఏటీ కోచింగ్ అన్నీ రాయమనండి. ఇంటి దగ్గర రోజూ ముప్పావుగంట సాధన కూడా రాయాలి. నిద్ర కూడా రాయాలి. ఆ కాగితంలో చోటు లేకపోతే ఏదో ఒకటి వదలాలి. ఏది వదలాలో పిల్లలనే తేల్చమనండి. మా అమ్మాయి రోబోటిక్స్ వదిలింది. వదలమని మేం అనలేదు కాబట్టి ఆ తర్వాత ఎప్పుడూ దాని గురించి బాధపడలేదు.

మూడోది డబ్బు. వాయిద్యం అద్దె లేదా కొనుగోలు, ప్రైవేట్ లెసన్లు, తీగలు, కచేరీ దుస్తులు, వసంతకాలంలో ఒక ట్రిప్. చెల్లో, డబుల్ బేస్ లాంటి పెద్దవాటిని చాలా స్కూళ్లు తామే ఇస్తాయి. ఖర్చు భారమైతే ఆర్కెస్ట్రా నడిపే టీచర్‌కి, అంటే డైరెక్టర్‌కి, విడిగా ఒక ఈమెయిల్ పెట్టండి. సాయం చేసే దారులు వాళ్ల దగ్గర ఉంటాయి, నలుగురిలో చెప్పరు.

ఆడిషన్‌కి

సాధారణంగా మూడు అడుగుతారు: ఒక స్కేల్ (వరసగా స్వరాలు), ముందుగా ఇచ్చిన ఒక భాగం, అప్పటికప్పుడు చూసి వాయించే సైట్ రీడింగ్. పై గ్రూపు అంటే స్కేల్ మూడు ఆక్టేవ్‌లు (స్థాయిలు) ఉంటుందనే అనుకోండి.

పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు వేగం. యూట్యూబ్‌లో ఎవరో వాయించినంత వేగంగా వాయించాలని చూసి స్వరం, లయ రెండూ పోగొట్టుకుంటారు. వినేవాళ్లు మొదట చూసేది స్వరం నిలకడగా ఉందా, లయ తప్పుతోందా అని. వేగం ఆ తర్వాతి సంగతి. ఆడిషన్‌కి రెండు వారాల ముందు నుంచి రోజూ ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినమనండి. వాయించిన వెంటనే వింటే తప్పులు వినపడవు. ఒక రాత్రి గడిచాక వింటే బాగా వినపడతాయి.

సైట్ రీడింగ్‌కి రోజూ ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి. కొత్త పేజీ తీసి, ముప్పై సెకన్లు వాయించకుండా చూడాలి. కీ సిగ్నేచర్ ఏంటి, తాళం ఎన్ని, అన్నిటికంటే చిక్కుగా ఉన్న బార్ (పేజీలో రెండు నిలువు గీతల మధ్య భాగం) ఏది. ఆ చిక్కు బార్ ఏ వేగంలో చేతనవుతుందో ఆ వేగంలోనే మొదటి నుంచి ఎత్తుకోవాలి. తప్పు పోయినా ఆగకూడదు. తప్పు స్వరాన్ని క్షమిస్తారు. ఆగి వెనక్కి వెళ్లారంటే మాత్రం, రేపు అందరితో కలిసి వాయించేటప్పుడు కూడా ఇలాగే ఆగిపోతారని అర్థం చేసుకుంటారు.

మీ పిల్లలు కర్ణాటక వయొలిన్ కూడా నేర్చుకుంటున్నారా? అయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వయొలిన్ మనకి పరాయిది కాదు. బాలుస్వామి దీక్షితార్ కాలం నుంచి మన సంగీతంలో ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది విజయనగరం వాయిద్యమే అయిపోయింది. కానీ ఒకే పెట్టెలో రెండు సంప్రదాయాలున్నాయి. అక్కడ నేల మీద కూచుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి, స ప స ప శ్రుతి చేస్తాం. ఇక్కడ కుర్చీ అంచున కూచుని, గడ్డం కింద పెట్టి, జి డి ఏ ఈ శ్రుతి. ఒకే వయొలిన్‌ని వారంలో నాలుగుసార్లు అటూ ఇటూ శ్రుతి మారిస్తే తీగలు నిలవవు, త్వరగా పాడవుతాయి. అద్దెకైనా ఇంకో వయొలిన్ తీసుకోండి. ఇంకో సంగతి గమకం. స్వరాన్ని ఊపుతూ, జారుతూ చేరుకోవడం మనకి అందం. పన్నెండు మంది ఒకే స్వరాన్ని ఒకేసారి పట్టుకోవాల్సిన చోట ఒక్కరు జారితే అది బయటికి వినపడుతుంది. మా తమ్ముడి కొడుక్కి ఇది అలవాటవడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ఏదీ మానిపించాల్సిన పనిలేదు. ఏ గదిలో ఏ భాష మాట్లాడాలో పిల్లలు ఇంట్లో, స్కూల్లో తెలుసుకున్నట్టే ఇదీ తెలుసుకుంటారు.

వేసవిలో

సీటు వచ్చిందని మేలో తెలుస్తుంది, జూన్‌లో ఇండియా వెళ్తాం, ఆగస్టులో తిరిగొచ్చాక పెట్టె తెరుస్తాం. ఇలా చేయకండి. రెండు నెలల విరామం తర్వాత వేళ్లు తిరిగి దారిలో పడేసరికి సెప్టెంబరు వస్తుంది, ఈలోగా ఎవరు ఏ కుర్చీలో కూచోవాలో తేల్చే సీటింగ్ పరీక్ష అయిపోతుంది.

వయొలిన్, వయోలాని విమానంలో క్యాబిన్‌లోకి తీసుకెళ్లవచ్చు. అమెరికా విమాన సంస్థలు చిన్న వాయిద్యాలని, పైన అరలో చోటుంటే, చేతిసామానుగా అనుమతించాలని ఇక్కడి నిబంధన. వేరే దేశపు ఎయిర్‌లైన్స్ అయితే టికెట్ కొనేముందే వాళ్ల నియమం చూసుకోండి. చెక్ ఇన్ లగేజీలో మాత్రం వేయకండి. మన కోస్తా ఊళ్లలో ఉక్కకి చెక్క ఉబ్బి బిరడాలు బిగుసుకుంటాయి, కాబట్టి వాయించనప్పుడు పెట్టెలోనే ఉంచాలి, కమాను వదులు చేయాలి. చెల్లో పిల్లలకి తీసుకెళ్లడం కుదరదు. వాళ్లు వెళ్లేముందు, వచ్చాక కొంచెం ఎక్కువ సాధన చేసి సర్దుకోవాలి.

వెళ్లేముందు వాయిద్యాన్ని ఒకసారి మంచి షాపులో చూపించండి. బ్రిడ్జి వంగిందా, తీగలు ఎప్పుడు మార్చారు, కమాను వెంట్రుకలు అరిగాయా. రోజూ వాయించేవాళ్లకి తీగలు ఏడాదికి ఒకటి రెండుసార్లు మార్చాల్సి వస్తుంది. ఇక టెక్సస్ ఎండలో ఆపి ఉంచిన కారులో పది నిమిషాలు కూడా వాయిద్యం వదలకండి. ఆ వేడికి జిగురు కరిగి అతుకులు విడిపోతాయి, వార్నిష్ మెత్తబడుతుంది. సరుకుల కోసం ఆగినా పెట్టె భుజానికి తగిలించుకుని లోపలికి వెళ్లాల్సిందే.

ఆగస్టులో క్యాలెండర్

మొదటి వారంలోనే హ్యాండ్‌బుక్, క్యాలెండర్ వస్తాయి. చాలామంది చివరి పేజీలో సంతకం పెట్టి పంపేస్తారు. దయచేసి క్యాలెండర్‌లోని ప్రతి తేదీని ఆ రోజే మీ ఇద్దరి ఫోన్లలోకి ఎక్కించండి. కచేరీలు, డ్రెస్ రిహార్సల్స్, రీజియన్ ఆడిషన్, వసంతకాలపు పోటీ, అన్నీ. కచేరీకి రావడం చాలా స్కూళ్లలో పెద్ద టెస్టుతో సమానమైన గ్రేడు.

ఈ సంగతి నొక్కి చెప్పడానికి నాకొక కారణం ఉంది. మా అమ్మాయి పై గ్రూపులో చేరిన మొదటి ఏడాది, డిసెంబరు టికెట్లు జూలైలోనే కొనేశాం. ధర తక్కువని సెలవులకి వారం ముందు బయల్దేరేలా కొన్నాం. వింటర్ కచేరీ ఆ వారంలోనే పడింది. పిల్ల రెండు రోజులు ఏడ్చింది, మేం మార్చుకోలేకపోయాం.

విజయవాడలో మా అమ్మ వాళ్లింట్లో, రాత్రి పూట ఫోన్‌లో ఆ కచేరీ రికార్డింగ్ చూశాం. వయోలాల మూడో స్టాండ్ దగ్గర మా అమ్మాయి కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన ఆమె స్టాండ్ పార్ట్‌నర్ ఒక్కతే. ఒక స్టాండ్ మీద ఇద్దరు ఒకే పేజీ చూసి వాయిస్తారు. లోపలి వైపు కూచున్నవాళ్లు పేజీ తిప్పుతారు, బయటి వైపు వాళ్లు ఆగకుండా వాయిస్తారు. లోపలి వైపు మా అమ్మాయిది. పాట మధ్యలో, సరిగ్గా వయోలాలకి రాగం వచ్చే చోట, ఆ పిల్ల కమాను ఆపి చెయ్యి చాచి పేజీ తిప్పింది. పేజీ అంటుకుపోయింది. రెండోసారి తిప్పింది. తిరిగి కమాను పెట్టేసరికి రెండు బార్లు వెళ్లిపోయాయి. సభలో ఎవరూ గమనించి ఉండరు. మా అమ్మాయి మాత్రం అక్కడే వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూసింది. మేం ఏమీ అనలేకపోయాం.

అప్పటి నుంచి మా ఇంట్లో క్యాలెండర్ వచ్చాకే టికెట్లు కొన్నాం. కాస్త ఎక్కువ ఖర్చయింది, అయినా అలాగే చేశాం. మీరు కూడా డిసెంబరు టికెట్లు ఆగస్టు దాటాక కొనండి. ముందే కొనక తప్పదంటే, కచేరీ తేదీ డైరెక్టర్‌ని అడిగి కొనండి. మే నెలలోనే ఖరారయ్యే స్కూళ్లు చాలా ఉన్నాయి. అరంగేట్రం ముహూర్తం పెట్టుకునేవాళ్లకీ ఇదే మాట.

ఇంట్లో సాధన

రిహార్సల్ అంటే సాధన కాదు. ఈ తేడా పిల్లలకి మొదట్లోనే బోధపడితే సగం పని అయినట్టే. ఎవరి భాగం వాళ్లు ఇంట్లో నేర్చుకుని రావాలి. రిహార్సల్ ఉన్నది పక్కవాళ్లని వినడానికి, అందరితో కలవడానికి.

రోజుకి నలభై ఐదు నిమిషాలు, వారంలో ఐదారు రోజులు. ఆదివారం మూడు గంటలు కూచోవడం దీనికి బదులు కాదు. మొదటి పది నిమిషాలు స్కేళ్లు, నెమ్మదిగా, ట్యూనర్ చూసుకుంటూ. తర్వాత పదిహేను నిమిషాలు ఆర్కెస్ట్రా సంగీతంలో కష్టమైన చోట్లు. మిగతాది ప్రైవేట్ టీచర్ ఇచ్చిన ఎట్యూడ్ (సాధన కోసం రాసిన చిన్న సంగీత భాగం). టెక్సస్‌లో చాలా స్కూళ్లకి ప్రైవేట్ టీచర్లు పగటిపూటే వచ్చి, క్లాసులోంచి పిల్లల్ని ఒక్కొక్కరిని బయటికి పిలిచి పాఠం చెబుతారు. వీలుంటే దానికే మొగ్గండి, మీకు ఒక సాయంత్రం డ్రైవింగ్ తప్పుతుంది.

కష్టమైన చోటు ఎలా సాధన చేయాలో ఒకసారి దగ్గరగా చూపిస్తాను. ఎనిమిది బార్లు ఉన్నాయనుకోండి, అన్నీ పదహారో వంతు స్వరాలు, రిహార్సల్‌లో వేగం నిమిషానికి 96 దెబ్బలు. పేజీ మొదటి నుంచి వాయించుకుంటూ వచ్చి అక్కడ తట్టుకుని, మళ్లీ మొదటికెళ్లడం పిల్లల అలవాటు. దాంతో చేతనైన భాగమే పదిసార్లు సాధన అవుతుంది. అలా కాక, పెన్సిల్‌తో ఆ ఎనిమిది బార్ల చుట్టూ బ్రాకెట్ పెట్టమనండి. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 56 మీద పెట్టి రెండు బార్లు మాత్రమే. తప్పు లేకుండా మూడుసార్లు వస్తే 60. అక్కడా మూడుసార్లు వస్తే 64. ఎక్కడో, 76 దగ్గరో 80 దగ్గరో, చెయ్యి బిగుసుకుంటుంది. అక్కడ రెండు మెట్లు కిందికి దిగి ఆపేయాలి. మర్నాడు ఆ కింది మెట్టు నుంచే మొదలు. వారం తిరిగేసరికి 96 వస్తుంది. పక్క గదిలోంచి వినేవాళ్లకి విసుగ్గా ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా "ఒక మంచి పాట వాయించమ్మా" అని మధ్యలో పిలవకండి. చుట్టాలు వచ్చినప్పుడు కూడా.

రిహార్సల్‌లో

బెల్ కొట్టే టైముకి రావడమంటే ఆలస్యంగా వచ్చినట్టే. బెల్ కొట్టేసరికి పెట్టె తెరిచి, కమానుకి రోజిన్ రాసి, కుర్చీలో కూచుని ఉండాలి. ఏ 440 అనే స్వరానికి శ్రుతి చేసుకుంటున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు.

పెన్సిల్ లేకుండా రిహార్సల్‌కి వెళ్లకూడదు. పెన్ను కాదు, పెన్సిల్. కమాను పైకా కిందికా అన్నది సెక్షన్ అంతా ఒకేలా ఉండాలి, అది మార్చినప్పుడల్లా లోపలి వైపు కూచున్నవాళ్లు వెంటనే రాయాలి. చెబితే గుర్తుంటుందని వదిలేస్తే, రెండు రోజుల తర్వాత పదకొండు కమానులు కిందికి, ఒకటి పైకి వెళ్తుంది. సభలోంచి చూసేవాళ్లకి సంగీతం తెలియకపోయినా అది కనపడుతుంది.

డైరెక్టర్ చెల్లోలతో మాట్లాడుతుంటే వయొలిన్లు కబుర్లు చెప్పుకోకూడదు. ఆ టైములో చేయాల్సింది ఉంది: చెల్లోల భాగం వినడం, తమ భాగంలో వేళ్లు నిశ్శబ్దంగా ఆడించుకోవడం. వంట్లో బాగోక వాయించలేని రోజున కూడా, జ్వరం, దగ్గు లాంటివి కాకపోతే, వచ్చి కూచుని పెన్సిల్‌తో గుర్తులు రాసుకోవాలి. మా అమ్మాయి మణికట్టు బెణికి రెండు వారాలు అలాగే కూచుంది. ఆ రెండు వారాల్లో మిగతా భాగాలు ఎంత బాగా విన్నానో అని తనే చెప్పింది.

సెక్షన్ లీడర్‌గా పెడితే పని పెరుగుతుంది. కమాను గుర్తులు ముందే తెచ్చుకోవడం, వెనక కూచున్న చిన్నపిల్లలకి సాయం చేయడం అందులో భాగం. ముందు కుర్చీలో కూచున్నంత మాత్రాన అది బహుమతి కాదు.

రీజియన్ ఆడిషన్, కుర్చీల గొడవ

ఆల్ స్టేట్ (రాష్ట్రం మొత్తం నుంచి ఎంపికైన పిల్లల బృందాలు) కోసం వాయించాల్సిన ఎట్యూడ్‌లు వేసవిలోనే ప్రకటిస్తారు, దానికి తొలిమెట్టయిన రీజియన్ ఆడిషన్ శరదృతువులో ఉంటుంది. పై గ్రూపు పిల్లలు రీజియన్‌కి ప్రయత్నించాలని చాలామంది డైరెక్టర్లు కోరుకుంటారు, కొన్నిచోట్ల తప్పనిసరి. దీపావళి దగ్గర్లో పడే అవకాశం ఎక్కువ, ముందే చూసుకోండి. జడ్జీలకి పిల్లలు కనపడరు, నంబరు మాత్రమే తెలుస్తుంది. అందుకని లోపల మాట్లాడకూడదు. సందేహం ఉంటే గదిలో ఉండే మానిటర్ చెవిలో చెప్పాలి.

రాష్ట్రం మొత్తం మీద బ్యాండ్, ఆర్కెస్ట్రా, గాత్రం కలిపి 70 వేల మందికి పైగా ఈ వరసలో నిలబడతారు. ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో ఆల్ స్టేట్ బృందాల్లో వాయించేది రెండు వేల లోపే. కాబట్టి ఫలితం రాకపోతే పిల్లల్ని "ఫలానా వాళ్లమ్మాయికి వచ్చిందే" అనకండి. మూడు నెలలు ఆ ఎట్యూడ్‌లు సాధన చేసిన చెయ్యి ఆగస్టులో ఉన్న చెయ్యి కాదు. స్కూల్లో కుర్చీ వెనక్కి జరిగినా అంతే. డైరెక్టర్‌కి మీరు ఫోన్ చేసి ఎందుకు తగ్గించారని అడగడం పిల్లలకి మేలు చేయదు. ఏం మెరుగుపరుచుకోవాలో పిల్లలే వెళ్లి అడగాలి.

మార్కులు 70 దాటాలి

1984 నుంచి టెక్సస్‌లో "నో పాస్, నో ప్లే" చట్టం ఉంది. గ్రేడింగ్ పీరియడ్ చివర ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు పోటీల్లో పాల్గొనకూడదు. రిహార్సల్‌కి రావచ్చు. కొన్ని ఏపీ, ఆనర్స్ కోర్సులకి మినహాయింపు ఉంటుంది, ఆ జాబితా స్కూల్లో అడిగి తెలుసుకోండి. మన పిల్లలకి ఇది రాదులే అనుకోకండి. బాగా చదివే పిల్లలకే ఫిజిక్స్‌లో రెండు అసైన్‌మెంట్లు ఇవ్వక 68 వచ్చిన సందర్భాలు నేను చూశాను. గ్రేడింగ్ పీరియడ్ ముగియడానికి పది రోజుల ముందు పిల్లలతో కూచుని మార్కుల పోర్టల్ చూడండి. 75 దగ్గర ఊగుతుంటే ఆ వారమే టీచర్ దగ్గరికి ట్యుటోరియల్‌కి పంపండి.

కచేరీ రోజు

దుస్తులు, బూట్లు, నల్లని పొడవాటి సాక్సులు మూడు రోజుల ముందే వేసి చూడండి. హైస్కూలు పిల్లలు పెరుగుతారు. గాజులు, గలగలలాడే గొలుసులు ఇంట్లోనే ఉండాలి, మైకు వాటిని పట్టేస్తుంది. సెంటు వద్దు, పక్కవాళ్లకి ఎలర్జీ ఉండవచ్చు. కాల్ టైమ్ అంటే ఆ టైముకి వాయిద్యం చేతిలో ఉండాలని, పార్కింగ్‌లో ఉండాలని కాదు. కచేరీకి గంట ముందు తేలికగా ఇడ్లీనో పెరుగన్నమో పెట్టండి.

మనం కూడా చివరి దాకా ఉండాలి. మన పిల్లల గ్రూపు చివర వస్తుంది కాబట్టి ఆలస్యంగా వెళ్లడం, చిన్న గ్రూపుల వాళ్లు తమ పిల్లలది అవగానే లేచిపోవడం, రెండూ తప్పే. పాట మధ్య విరామాల్లో చప్పట్లు కొట్టకుండా, డైరెక్టర్ చేతులు పూర్తిగా దించేదాకా ఆగండి. బూస్టర్ క్లబ్‌లో (ఆర్కెస్ట్రాకి సాయం చేసే తల్లిదండ్రుల సంఘం) ఏడాదికి రెండు పనులైనా తీసుకోండి. టికెట్ల బల్ల దగ్గర కూచోవడం, ట్రిప్‌కి తోడు వెళ్లడం లాంటివి.

వసంతకాలపు పోటీ

మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో యూఐఎల్ (రాష్ట్రంలో స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) కచేరీ, సైట్ రీడింగ్ పోటీ. ఏడాదిలో పిల్లలందరూ కచ్చితంగా ఉండాల్సిన రోజు ఏదంటే ఇదే. మూడు పాటలు ముగ్గురు జడ్జీల ముందు వాయించి, నేరుగా ఇంకో గదిలోకి వెళ్తారు. అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడని సంగీతం ఇస్తారు. కొద్ది నిమిషాలు డైరెక్టర్ వివరిస్తారు, ఆ టైములో పిల్లలు వాయించకూడదు. పేజీ మీద వేలు పెట్టి అనుసరిస్తారు. ఆ తర్వాత ఒక్కసారే వాయించాలి. ఒకటి నుంచి ఐదు దాకా రేటింగ్, ఒకటి అన్నిటికంటే పైది. వేదిక మీద, ఆ గదిలో రెండు చోట్లా ఒకటి వస్తే స్వీప్‌స్టేక్స్ అంటారు. రోజూ ఐదు నిమిషాలు సైట్ రీడింగ్ చేయమని పైన ఎందుకు రాశానో ఆ గదిలో పిల్లలకి అర్థమవుతుంది. ముందు రోజు రాత్రి పదింటికి పడుకోబెట్టండి.

కుదరనప్పుడు

ఏడాదిలో ఒకసారైనా ఏదో అడ్డం పడుతుంది. చావు, పెళ్లి, ఎస్ఏటీ, జ్వరం. తెలిసిన రోజే చెప్పాలి, చెప్పాల్సింది పిల్లలు. ఈమెయిల్ వాళ్లే రాయాలి, మీకు కాపీ పెడితే చాలు. అందులో నాలుగు సంగతులుండాలి: ఏ తేదీ, కారణం ఏంటి, ఆ రోజు జరిగేది తిరిగి ఎలా నేర్చుకుంటారు, స్టాండ్ పార్ట్‌నర్‌కి చెప్పారా లేదా. నాలుగోది చాలామంది మర్చిపోతారు, మా అనుభవంలో అన్నిటికంటే అవసరమైంది అదే. పార్ట్‌నర్‌కి ముందు తెలిస్తే పేజీని ఫొటోకాపీ తీసి పక్కపక్కన పెట్టుకోవచ్చు, తిప్పే పని ఉండదు.

నిజంగా మోయలేకపోతున్నారని అనిపిస్తే, రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటూ, వాయిద్యం చూస్తేనే మొహం వాడిపోతుంటే, వచ్చే ఏడాదికి కింది గ్రూపు అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. ఉన్నపళంగా అక్టోబరులో మానేస్తే మాత్రం ఆ సెక్షన్ మొత్తం మళ్లీ సర్దుకోవాలి. ఆరోగ్యం దెబ్బతింటుంటే తప్ప మే దాకా నిలబడమనండి. నిర్ణయాన్ని జనవరిలోనే, కోర్సు ఫారం రాకముందే, డైరెక్టర్‌కి ఎదురుగా చెప్పమనండి.

మే చివర్లో స్కూలు వాయిద్యం, దుస్తులు, లాకర్ తాళం, మ్యూజిక్ ఫోల్డర్ తిరిగివ్వాలి. ఫోల్డర్‌లో ప్రతి పేజీ ఉందో లేదో లెక్కపెట్టండి, మంచం కింద, ప్రింటర్ వెనక వెతకండి. పెన్సిల్ గుర్తులు చెరపమంటారో ఉంచమంటారో అడిగి, అప్పుడే రబ్బరు తీయండి.